గండయ్య కాక కాపలా

చిన్న కథే. టీ చల్లారేలోపు అయిపోతుంది. కానీ నాచారంలో మా పైవాటాలో కిరాయికున్న రంజిత్ సంగతి చెప్పాలంటే ముందు అతని బామ్మర్ది సురేష్ గురించి చెప్పాలి. హబ్సిగూడ హాస్టల్లో ఉండి ఉద్యోగ పరీక్షలకు చదువుతున్నాడు. అంటే అక్క ఇంట్లో ఏ పూట ఏం కూరో తప్పులేకుండా చెప్పగలడు. పక్కింటి రుక్కమ్మ ఇంకా ఘనురాలు. కరివేపాకు అడగడానికి వచ్చి కాపురాలన్నీ తెలుసుకుని పోతుంది. నేనలా కాదు. మెట్ల మీద నిలబడి వింటాను, అంతే.

రంజిత్ ఫ్యాక్టరీలో పొద్దటి షిఫ్టు చేసి వచ్చి కంప్యూటర్లో ఆట ఆడేవాడు. కోటలు, కత్తులు, రాక్షసులు. ఆటగాడికి తోడుగా ఒక వీరుడుంటాడు. రంజిత్ తోడుగాళ్లు ఊరికే చచ్చిపోయేవారు.

“తోడుని ఎనక దాస్తే ఎట్ల బావా? ముందట నిలబెట్టాలె. పేరు పెట్టి పిల్సి పని జెప్పాలె. లేకుంటే ఆడు గూడ నీ లెక్కనే నిలబడి సూస్తడు,” అని సురేష్ నేర్పాడు.

రంజిత్ తన వీరుడికి గండయ్య కాక పేరు పెట్టాడు. కాక అంటే వాళ్ల నాయిన తమ్ముడు. ఉప్పల్‌లో పేరున్న పహిల్వాన్. కుస్తీలో మనుషుల చేతులు విరిచాడు. నిరుడు పోయాడు.

ఆ రోజు పెత్రమాస, పెద్దల అమావాస్య. మధ్యాహ్నమే అయినా ముసురుతో ఇల్లంతా చీకటిగా ఉంది. పోయినవాళ్లకు ముందు విస్తరి పెట్టి, తర్వాతే పేరు పెట్టి పిలుస్తాం. తిని వెళ్లిపోతారు. రంజిత్ భార్య త్రివేణి వంటింట్లో ఇంకా గారెలు వేస్తూనే ఉంది. రంజిత్‌కు ఆగలేదు. మైకు నోటి దగ్గర పెట్టుకుని పిలిచాడు.

“గండయ్య కాకా, ముందట నిలబడు. నా దగ్గరికి ఎవలొచ్చినా కొట్టు.”

తెర మీద వీరుడు కదల్లేదు.

గదిలోకి నువ్వులనూనె వాసన వచ్చింది. దాని వెనకే చెమట వాసన. బోసికాళ్లు టైల్స్ మీద పడుతున్న చప్పుడు. ధప్... ధప్... రంజిత్ కుర్చీ ముందు ఆగింది.

“హ్యాంగయినట్టుంది. జర జరుగు బావా,” అంటూ పక్కనే కూర్చున్న సురేష్ చెయ్యి చాపాడు.

ఆ చెయ్యి దానంతటదే పైకి లేచింది. వెనక్కి తిరిగింది. చెరుకుగడ విరిచినట్టు మోచేయి విరిగింది. సురేష్ నేల మీంచి లేచి గోడకు పడ్డాడు. మళ్లీ లేచాడు. మళ్లీ పడ్డాడు. పళ్లు టైల్స్ మీద దొర్లాయి. నేను గుమ్మంలో ఉన్నాను.

“చాలు కాకా... చాలు...”

రంజిత్ కంప్యూటర్ వైరు పీకేశాడు. తెర ఆరిపోయింది. గదిలో రొప్పు ఆగలేదు. ఆకలి మీదున్నవాణ్ణి పిలిస్తే మాట వినడని రుక్కమ్మ తర్వాత చెప్పింది. ఆమె ఏదైనా తర్వాతే చెబుతుంది.

విస్తరి పట్టుకుని త్రివేణి బయటకు వచ్చింది.

“రాకే... ఆడ్నే ఉండు... కొడ్తడు...” రంజిత్ గొంతులోనే ఏడ్చాడు.

అడుగులు ఆమె వైపు తిరిగాయి. ధప్... ఇక ఈ పిల్ల కూడా అయిపోయిందనుకున్నాను. త్రివేణి నెత్తుట్లో పడున్న తమ్ముణ్ణి చూసింది. విస్తరి మెల్లగా గుమ్మం లోపల పెట్టి వెనక్కి జరిగింది.

“మామా... తిను.”

అన్నం తగ్గింది. గారెలు పోయాయి. నమిలే చప్పుడు... చాలాసేపు.

“ఇటు రా మామా. నా ముందట నిలబడు.”

నన్ను రాసుకుంటూ ఏదో పోయింది. పెట్టిన చేతి వెంట పోయాడు కాక. అప్పగించిన పని మాత్రం మరవలేదు.

పెళ్లాం బతికిందన్న సంతోషంతో రంజిత్ పరిగెత్తాడు.

“త్రివేణీ...”

ఆమెను ఇంకా ముట్టుకోనేలేదు. మెడ పట్టి ఎత్తినట్టు గాల్లోకి లేచాడు. తల ద్వారబంధానికి తగిలింది. మళ్లీ తగిలింది. చెక్క పగిలింది. మళ్లీ...

“చాలు మామా,” అంది త్రివేణి.

వెంటనే ఆగింది.

సురేష్ చెయ్యి అతుకుతుందని దవాఖానాలో చెప్పారు. రంజిత్ అక్కడే చచ్చిపోయాడు. చాలు అన్న మాట త్రివేణి మొదటి దెబ్బకే అనొచ్చు. అనలేదు.