ఆవలి గుడిసె పొగ

"యాల్మార్! ఒరేయ్ యాల్మార్! బతికే ఉన్నావా, మీ రాజుగారి కోసం గడ్డకట్టుకుపోయావా?"

మంచు మీంచి ఆ కేక వినగానే యాల్మార్ కాఫీ గిన్నె పొయ్యి మీదకు జరిపాడు. సీవర్ట్ బావ తప్ప ఆ దీవిలో అంత గొంతు ఇంకెవరికుంది? తలుపు తోసుకుని వచ్చి, గడ్డానికి పట్టిన మంచు దులుపుకుని, అడక్కుండానే పొయ్యి పక్కన చతికిలబడ్డాడు.

"మీ ఇంగ్లీషు దొరలు నీకు కాఫీ గింజలు కూడా ఇవ్వలేదా బావా?"

"ఇచ్చార్రా. కానీ బావమరిది కొంపలో తాగితే ఆ రుచే వేరు."

మూలన నక్క తోలు గీరుతున్న ఓలాస్ ముసలాయన నవ్వాడు. "శత్రువుకి కాఫీ పోశామని పుస్తకంలో రాయమంటావా, అబ్బాయ్?"

"రాయి పెద్దాయనా, రాయి. రెండో లోటా కూడా అడిగాడని రాయి!" అన్నాడు సీవర్ట్.

ముగ్గురూ నవ్వుకున్నారు. అది అక్టోబరు. సూర్యుడు ఆ ఏటికి చివరిసారి కొండ అంచున ఎర్రగా నిలబడి, వెళ్ళలేక వెళ్ళలేక వెళ్తున్నట్టు ఉన్నాడు.

ఉత్తర ధ్రువానికి దగ్గరున్న ఆ స్పిట్స్‌బెర్గెన్ దీవి అప్పటికి ఏ దేశానిదీ కాదు. సముద్రపు పాయకు ఎగువన ఉన్న కొండ నిండా బొగ్గు. ఆ కొండ మాదంటే మాదని నార్వే, ఇంగ్లండు బొగ్గు కంపెనీల దొరలు వెచ్చటి గదుల్లో కూర్చుని ఏళ్ళ తరబడి ఉత్తరాలు రాసుకుంటున్నారు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. పాయకు ఈవల నార్వేవాళ్ళ గుడిసె, ఆవల ఇంగ్లండువాళ్ళ గుడిసె. చలికాలమంతా ఇరువైపులా మనుషులుండాలి. ఏ గుడిసె మీదైనా వారం రోజులు వరసగా పొగ లేవకపోతే వాళ్ళు కొండను వదులుకున్నట్టే. అందుకని ఇటువాళ్ళు అటు పొగను, అటువాళ్ళు ఇటు పొగను రోజూ చూసి పుస్తకంలో రాయాలి.

తమాషా ఏమిటంటే, రెండు కంపెనీల దొరలూ కాపలాకు కుదుర్చుకున్నది నార్వేలోని ట్రోమ్సో ఊరివాళ్ళనే. సీవర్ట్, యాల్మార్ ఒకే వీధివాళ్ళు. యాల్మార్ అక్క పెట్రాను సీవర్ట్ చేసుకున్నాడు. సీవర్ట్‌తో వచ్చినవాడు పంటి నొప్పితో ముఖం వాచి ఆఖరి ఓడలో వెళ్ళిపోయాడు. ఈవల యాల్మార్, ఓలాస్ ఇద్దరూ ఉంటే, ఆవలి గుడిసెలో ఇప్పుడు అతనొక్కడే.

ఒప్పందంలో లేని కట్టుబాటు ఇంకొకటుంది. అది వేటగాళ్ళది, వాళ్ళ తాతల నాటిది. మంచు తుఫాను లేస్తే గుడిసె ముందు స్తంభానికి లాంతరు కట్టాలి. తలుపుకు గడియ పెట్టకూడదు. వచ్చేవాడు ఎవడైనా సరే.

యాల్మార్‌కు ఇది ఆరో చలికాలం. ఎముకల్లో కూడా అలసట పేరుకుపోయింది. నాలుగు నెలల చీకటి, ఉప్పు మాంసం, సీలు కొవ్వు వాసన. కలలో ఎప్పుడూ అక్క ఇంటి కిటికీ, దాని మీద పడే మామూలు వాన. ఆఖరి ఓడలో కంపెనీ ఉత్తరం వచ్చింది. కొండ మనదైతే నీకు ట్రోమ్సో రేవులో కాపలా పని, ఇక జన్మలో నిన్ను చలికాలం ఉండమనం అని. ఆ ఉత్తరాన్ని మడతలు చిరిగేదాకా చదువుకున్నాడు.

డిసెంబరులో ఓలాస్ నక్క ఉచ్చులు చూసుకోవడానికి, వారం పైనే పడుతుందని చెప్పి, లోయలోని వేట గుడిసెకు వెళ్ళాడు. మర్నాడు తుఫాను లేచింది.

యాల్మార్ లాంతరు వెలిగించి స్తంభానికి కట్టాడు. లోపలికొచ్చి కూర్చున్నాడు. గాలి గుడిసెను పట్టుకుని ఊపుతోంది. పొయ్యిలోంచి పొగ వెనక్కి తన్ని కళ్ళు మండుతున్నాయి. గడియారం మూడు చూపిస్తోంది. పగలో రాత్రో, ఆ నెలలో తేడా ఏముంది? కిటికీలోంచి లాంతరు వెలుగు చూస్తూ ఉండిపోయాడు.

ఆవల బావ ఒక్కడే ఉన్నాడు... ఈ గాలికి పొగ గొట్టం ఊడిపోతే, ఇటే రావాలి.

ఆ ఆలోచన ఎక్కడినుంచి వచ్చిందో అతనికే తెలియదు. మెల్లగా లేచాడు. బయటికి వెళ్ళి లాంతరు విప్పి లోపలికి తెచ్చాడు. నూనె దండగ అనుకున్నాడు. దీపం ఊదేశాడు. తలుపుకు గడియ పెట్టాడు. ఎలుగుబంట్లు తిరుగుతున్నాయి కదా అనుకున్నాడు.

ఎంతసేపటికో...

"యాల్మార్..."

గాలి అనుకున్నాడు.

"యాల్మార్... దీపమేదిరా?"

గోడకు అవతల చేతులు తడుముతున్న చప్పుడు. చెక్కల మీద మెత్తగా... ఒక్కొక్క చెక్కే. తలుపు దాటి పోయాయి. గుడిసె చుట్టూ తిరిగి మళ్ళీ వచ్చాయి. మళ్ళీ దాటి పోయాయి. యాల్మార్ దుప్పటి నోట్లో కుక్కుకుని పడుకున్నాడు. లేవాలనే అనుకున్నాడు. ఇదిగో లేస్తున్నాను, ఇదిగో అనుకుంటూనే ఉన్నాడు.

తర్వాత గాలి ఒక్కటే మిగిలింది.

తుఫాను తగ్గాక చూస్తే, తలుపుకు పది అడుగుల్లో సీవర్ట్ గడ్డకట్టుకుపోయి కూర్చుని ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. యాల్మార్ ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక లేదు. మంచుబండి మీద ఎక్కించి, పాయ మధ్యలో మంచు పగిలి నీళ్ళు నల్లగా కనిపించే చోటికి లాక్కెళ్ళి తోసేశాడు. బావ తుఫానులో తప్పిపోయాడు, అంతే. అక్కకు అలాగే చెప్పొచ్చు. వెనక్కి వచ్చి పుస్తకం తెరిచి రాశాడు: ఆవల పొగ లేదు. ఒకటో రోజు.

తలెత్తి కిటికీలోంచి చూశాడు.

వెన్నెల ఆరబోసినట్టు ఉంది. పాయకు ఆవల, గుడిసె మీద, సన్నగా నిటారుగా... పొగ.

రెండో రోజూ పొగ. మూడో రోజూ. అతను మాత్రం లేదు, లేదు అనే రాస్తూ పోయాడు. నిద్ర పట్టడం మానేసింది. కళ్ళు మూస్తే చెక్కల మీద చేతులు. తెరిస్తే ఆ పొగ. గాలి వీచినా అది చెదరడం లేదు.

ఏడో రోజు ఓలాస్ తిరిగొచ్చాడు. భుజాన రెండు తెల్ల నక్కలు. బూట్లు విప్పుకుంటూ అన్నాడు: "మీ బావ జోరుగా రాజేశాడే పొయ్యి! వచ్చే దారంతా ఆ పొగనే చూసుకుంటూ వచ్చాను."

యాల్మార్ కిటికీ వైపు చూశాడు. "నీకూ... కనిపించిందా?"

"నేనేం గుడ్డివాణ్ణా?" అంటూ ఓలాస్ పుస్తకం అందుకున్నాడు. చదివాడు. అతని ముఖంలో నవ్వు ఆగిపోయింది. "ఇదేమిట్రా అబ్బాయ్? ఏడు రోజులూ పొగ లేదని రాశావు?"

యాల్మార్ వంగి పొయ్యిలో బొగ్గు వేశాడు.

"ఆ కొండ కోసం సొంత బావ మీద దొంగ రాతలా? పద. ఈ రాతలన్నీ అతని ముందే కొట్టేద్దువుగాని. క్రిస్మస్ పండగ జావకు కూడా పిలుచుకొద్దాం, పాపం ఒక్కడే ఉన్నాడు."

రానని అనడానికి కారణం దొరకలేదు. ఇద్దరూ మంచు మీద జారే స్కీ చెక్కలు కాళ్ళకు కట్టుకుని బయల్దేరారు. కాళ్ళ కింద మంచు కరకరమంటోంది. నల్లనీళ్ళ చోటు వచ్చినప్పుడు యాల్మార్ తల తిప్పుకున్నాడు. ఎదురుగా పొగ... దగ్గరవుతోంది. దగ్గరవుతోంది. బొగ్గు వాసన కూడా వచ్చింది.

గుడిసె ముందుకు రాగానే ఆ వాసన తెగిపోయింది.

పైన పొగ లేదు. పొగ గొట్టమే లేదు. తుఫానుకు విరిగి దూరంగా మంచులో పడి ఉంది.

"సీవర్ట్!" అని పిలిచాడు ఓలాస్. చప్పుడు లేదు. తలుపు తోశారు. కప్పుకు పడ్డ కంతలోంచి మంచు లోపలికి రాలి, మంచం, బల్ల అంతా తెల్లగా ఉంది. ఓలాస్ చేతి తొడుగు తీసి పొయ్యి మీద చెయ్యి పెట్టి చటుక్కున లాక్కున్నాడు. చర్మం అంటుకునేంత చల్లగా ఉంది. ఎన్నో రోజులుగా అందులో నిప్పు లేదు.

బల్ల మీద పుస్తకం తెరిచి ఉంది. దాని మీద మాత్రం ఒక్క మంచు రేణువు లేదు.

ఓలాస్ అగ్గిపుల్ల గీశాడు. సీవర్ట్ రాతే. పక్కకు ఒరిగిపోయే ఆ పెద్ద పెద్ద అక్షరాలు యాల్మార్‌కు చిన్నప్పటి నుంచీ తెలుసు. ముసలాయన గుసగుసగా చదివాడు.

"తుఫాను. ఆవల లాంతరు లేదు... ఆవల పొగ ఉంది, లాంతరు లేదు... పొగ ఉంది, లాంతరు లేదు..."

తేదీ తర్వాత తేదీ. తుఫాను తర్వాతి ఏడు రోజులూ ఉన్నాయి. ఆఖరిది ఆ రోజుదే.

అగ్గిపుల్ల ఆరిపోయింది. ఇంకొకటి గీశాడు. బుడ్డీలో సిరా రాయిలా గడ్డకట్టి ఉంది. ఆఖరి వరస మీద ఓలాస్ వేలు పెట్టాడు. వేలికి నల్లగా అంటుకుంది.

"ఈవలకి వస్తున్నారు," అని చదివి ఆగాడు. "ముగ్గురు."

అగ్గిపుల్ల వేలి దాకా కాలింది. ఓలాస్ మూడోది గీశాడు.

"ముగ్గురేమిట్రా అబ్బాయ్? మనం ఇద్దరమేగా?"

ఓలాస్ వెనక్కి తిరిగి తెరిచి ఉన్న తలుపు వైపు చూడబోయాడు. యాల్మార్ అతని చెయ్యి పట్టుకుని ఆపాడు. తను మాత్రం తిరిగాడు. ఎంతకాలం తర్వాతో భుజాల మీంచి బరువు దించుకుంటున్నవాడిలా ఊపిరి వదిలి, ఆ తలుపు వైపే చూస్తూ, పైకే అన్నాడు:

"విన్నాను బావా. నీ గొంతేనని తెలుసు. లాంతరు తీసేసింది నేనే, గడియ పెట్టింది నేనే. ఇంటికెళ్ళిపోవాలనిపించింది... అంతే."