వియన్నా నుంచి జెనీవాకి

"వియన్నా నుంచి జెనీవాకి ఎంత దూరమండీ?"

కారు అద్దం తుడుస్తున్న నాగూర్ తలెత్తాడు. అరబ్బు దేశంలోని అల్ వుకైర్‌లో పక్కపక్క విల్లాల్లో ఒకదానికి అతను డ్రైవరు. రెండోదాంట్లో పిల్లల్ని చూసుకునేది రమీజా. అతనిది రాయచోటి, ఆమెది రాజోలు. స్కూల్ బస్సు కోసం ఆమె గేటు దగ్గర నిలబడే పది నిమిషాలే ఇద్దరి మాటలకీ దొరికేవి. ఈ వేసవి రెండు నెలలూ ఇక అవి కూడా ఉండవు. ఆమెను మేడమ్ వియన్నా తీసుకువెళుతోంది. అతన్నేమో యజమాని కుటుంబం జెనీవాకి.

నాగూర్ హుషారుగా ఫోన్ తీశాడు. "ఎనిమిది నూర్ల కిలోమీటర్లు. ఫ్లైట్‌లో గంటా నలభై నిమిషాలు. రోడ్డు మీద పోతే పది గంటలు. ఏం, మీ మేడమ్‌కి అక్కడేమైనా పనుందా? టికెట్ చూడాల్నా?"

రమీజా ముఖం కందిపోయింది. "మీరు డ్రైవరా, ట్రావెల్ ఏజెంటా అండీ?"

అప్పుడే బస్సొచ్చింది. పాప చేయి పట్టుకుని, వెనక్కి చూడకుండా గేటు వేసేసుకుంది.

మూడు రోజులు ఆమె గేటు లోపలే నిలబడింది. నాగూర్ దగ్గాడు, హారన్ కొట్టాడు, కడిగిన కారునే మళ్ళీ కడిగాడు. లాభం లేకపోయింది.

నాలుగో రోజు, రమీజా పనిచేసే ఇంట్లో వంట చేసే అంకాలమ్మ టీ గ్లాసు చేతికిస్తూ మొట్టికాయ వేసింది.

"ఏమిరా, ఆ పిల్లకి ఊర్లో సంబంధం చూసిండారు. రేపు శుక్రవారం వాళ్ళ నాయన మాటిచ్చేస్తాడంట. నువ్వేమన్నా అంటావేమోనని దూరమడిగితే, కిలోమీటర్లు చెప్తివంటనే! నా దగ్గర ఒకటే ఏడుపు."

టీ అక్కడే పెట్టేసి రమీజా వాళ్ళ గేటు దగ్గరికి పరుగెత్తాడు నాగూర్.

"రమీజా! అక్కడ నాకు వారానికొక దినం లీవుంటాది. పొద్దున ఫ్లైటెక్కి వచ్చి, సాయంత్రానికి తిరిగిపోతా."

"ఎందుకొస్తారండీ?"

"నిన్ను చూసేకి."

"ఏ హక్కుతో?"

నాగూర్ గేటుకి ఇంకాస్త దగ్గరగా వచ్చాడు. "ఆ హక్కే మీ నాయన్ని అడగల్ల. ఫోన్ చెయ్యి."

ఆమె నంబరు కలిపి ఇచ్చింది. అతను తన పేరు, ఊరు, జీతం, ఆమె మీది ఇష్టం అన్నీ ఒక్క గుక్కలో చెప్పేశాడు. అవతల ఆమె తండ్రి మొహియుద్దీన్ అంతా విన్నాడు.

"మా అమ్మాయికివ్వు బాబూ."

రమీజా కళ్ళు తుడుచుకుంది. "అబ్బాజాన్, వాళ్ళకి మాటివ్వొద్దు."

"ఈ ముక్క ముందే చెప్పొచ్చు కదమ్మా! ఈ అబ్బాయి వాళ్ళమ్మగారి నంబరు పంపించు. రేపు నమాజయ్యాక మాట్లాడతాను."

మర్నాడు మధ్యాహ్నం రాయచోటి నుంచి వీడియో కాల్ వచ్చింది. నాగూర్ ఫోన్‌ని గేటు మీదుగా పట్టుకున్నాడు. తెర నిండా వాళ్ళమ్మ ముఖం.

"మీ నాయనతో మాట్లాడినా తల్లీ. మీరు ఊరికొచ్చినాక నిఖా పెట్టుకుందాం. నీకిష్టమే కదా?"

రమీజా చున్నీ తల మీదికి లాక్కుంది. ఒక్కసారి నాగూర్ వంక చూసి, ఫోన్ తన చేతుల్లోకి తీసుకుంది.

"సలాం, అమ్మీ" అంది, తన తల్లిని పిలిచినట్టే.