ఒదుగుపొర లేని పాట

అనుమతి వచ్చేసరికి వకుళ నాలుగో పాటలో దుమ్ము ఏరుతోంది. నలభై ఏళ్ల నాటి టేపు అది. ప్రతి చిటపటనూ విని, పాటలోదో కాలం చేసిందో తేల్చుకుని, కాలం చేసినదాన్ని మాత్రమే తీసేయాలి. విశాఖ ధ్వనికేంద్రంలో ఆమె పని అదే. బల్ల అంచున ఆకుపచ్చ దీపం వెలిగింది. ‘మూడో షిఫ్టు’ టెక్నో ఆల్బమ్ పునర్విడుదలకు ధ్వనిమండలి ఒప్పుకుంది.

వకుళ కుర్చీలో గిర్రున ఒక చుట్టు తిరిగింది. పెళ్లయి నెల కూడా కాలేదు. ఈమధ్య ఏ చిన్న మంచి జరిగినా అలా తిరగాలనిపిస్తోంది. వెంటనే ఇద్దరికి కబురు పంపింది. ఒకరు భర్త ఫణీంద్ర, పక్క వీధిలో సముద్రపు నీటిని మంచినీరుగా మార్చే ప్లాంటులో ఇంజనీరు. రెండోవారు ఎస్తేరు రాణి, ఆ ఆల్బమ్ చేసిన మనిషి. ఒకప్పుడు ఓడల కర్మాగారంలో వెల్డరు.

మధ్యాహ్నం ముగ్గురూ కేంద్రం క్యాంటీన్‌లో కూర్చున్నారు. ఫణి డబ్బాలో పులిహోర తెచ్చాడు. ఈసారి ఆవాలు మాడలేదని ఎవరూ అడగకముందే చెప్పాడు. ఎస్తేరమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని అతన్ని ఎగాదిగా చూసింది.

“రోజంతా ఉప్పునీళ్లతో పని చేస్తావు, చిటికెడు ఉప్పు ఇంటికి తెచ్చుకోలేకపోయావేటి బాబూ?”

వకుళకు పొలమారేంత నవ్వొచ్చింది. ఫణి మాత్రం తన వాటా తనే తింటానంటూ డబ్బా దగ్గరికి లాక్కున్నాడు.

తిన్నాక వకుళ ఆల్బమ్‌లోని మొదటి పాట విడుదల నమూనాను తన చెవిలోకీ ఫణి చెవిలోకీ పంపింది. పాటలు వినడానికి పొద్దున పళ్లు తోముకోగానే అందరూ రాసుకునే చెవిపూత ఎస్తేరమ్మకు పడదు. ఆవిడ చేతులు కట్టుకుని వాళ్లిద్దరినీ చూస్తూ కూర్చుంది. కాసేపటికి ఫణి వేళ్లు డబ్బా మూత మీద ఆడాయి. వకుళ వేళ్లు బల్ల మీద ఆడాయి.

“ఇద్దరూ ఇంటున్నది ఒకే పాటేనా?” అంది ఎస్తేరమ్మ.

ఒకటేనన్నారు ఇద్దరూ. మధ్యలో వచ్చే ఫ్లూటు అద్భుతమన్నాడు ఫణి. వకుళ వేళ్లు ఆగిపోయాయి. ఆ పాటలో ఫ్లూటు లేదు. కేంద్రంలోని గదిలో, చెవిపూత తుడుచుకుని, పాత హెడ్‌ఫోన్లలో నెల రోజులుగా వింటోంది తను. ఒకే దరువు, తొమ్మిది నిమిషాలు, అంతే.

ఏం జరిగిందో ఆమెకు తెలుసు. ఫణి ధ్యాస సడలగానే, పాటను వినేవాళ్లకు తగ్గట్టు మార్చే ఒదుగుపొర ఫ్లూటు కలిపింది. ఈమధ్య కాస్త వేగంగా కొట్టుకుంటున్న వకుళ గుండెకు తగ్గట్టు ఆమె చెవిలో దరువును పరుగెత్తించింది. ముప్పై ఏళ్లుగా ఏ పాటైనా వినేవాళ్లకు ఒదిగే వస్తోంది. తాళి కట్టే వేళ ఫణికి గట్టిమేళం నెమ్మదిగా వినిపించింది, తనకు జోరుగా. ఆ సంగతి చెప్పుకుని ఇద్దరూ పడిపడి నవ్వుకున్నారు కూడా. ఇప్పుడు నవ్వు రాలేదు.

అంతా ఎస్తేరమ్మకు చెప్పక తప్పలేదు. ఆవిడ కోప్పడలేదు.

“షిఫ్టు దిగేసరికి మా చెవులు దిమ్మెక్కిపోయేవమ్మా. మాటలు ఇనపడేవి కావు. షెడ్డు ఎనకాల ఇది పెట్టుకుని పాదాలతో ఇనేవోళ్లం. మొదట ఇసుగేసేది. ఆ ఇసుగు దాటేక, అందరి కాళ్లూ ఒక్కసారే పడేవి. అది కావాలనే చేసేను.” కొంగుతో చేతులు తుడుచుకుంది. “ఈ ఫ్లూటుది నాది కాదు. దీనికి నా పేరెట్టకు.”

గదిలోకి వెళ్లి వకుళ విడుదల ప్రతిలోంచి ఒదుగుపొర తీసేసింది. విడుదలకు ముందు ప్రతి పాటనూ తనిఖీ చేసే ముద్రయంత్రం వెంటనే ఆపింది. ఒదుగుపొర లేని పాటను చెవిపూతలు స్వీకరించవని చెప్పింది. వినేవాళ్లు విసుగు చెందుతారని హెచ్చరించి, కారణం అడిగింది.

“విసుగు పాటలో భాగం,” అని రాసింది వకుళ.

ఇలాగే విడుదల ముద్ర వేస్తే ముద్రకర్తగా ఆమె హక్కు సమీక్షకు వెళ్తుందనీ, తీర్పు వచ్చేదాకా ఈ గదిలోకి ప్రవేశం ఉండదనీ యంత్రం చూపించి, కొనసాగించాలా అని అడిగింది. వకుళ చెయ్యి గాలిలోనే ఉండిపోయింది. ఈ గది కోసం రెండుసార్లు పరీక్ష రాసింది. ఊళ్లో పాటను పాటగా వినగలిగే చోటు ఇదొక్కటే.

“ఉద్యోగం పోతే?” అన్నాడు గుమ్మంలో ఎస్తేరమ్మ పక్కన నిలబడ్డ ఫణి.

“ఇంట్లో కూర్చుని నీ పులిహోర తింటాను.”

“అంత శిక్ష ఎందుకులే,” అన్నాడు. కానీ వద్దనలేదు.

వకుళ ముద్ర వేసింది.

చెవిపూతలు తీసుకోని పాటను ఇక జనం ఎలా వింటారన్నది ముగ్గురికీ ఒకేసారి తట్టింది. గాజువాకలో తన ఇంట్లో రెండు పెద్ద స్పీకరు పెట్టెలున్నాయంది ఎస్తేరమ్మ. ఒకదాని మీద మిక్సీ, రెండోదాని మీద టీవీ ఉన్నాయట. అవి దింపి పెట్టే పూచీ తనదనీ, ప్లాంటు వ్యాను అడిగి తెస్తాననీ అన్నాడు ఫణి. ఆవిడ వెంటనే మిక్సీ జాగ్రత్తని హెచ్చరించింది.

కొత్త విడుదల ఏదైనా దాని వెంట ఊరందరికీ ఒక చిన్న గమనిక వెళ్తుంది. ముద్రకర్త అందులో ఏం రాసినా యంత్రం మార్చదు. గది తలుపు మూసుకునేలోపు వకుళ రాసింది:

“రేపు సాయంత్రం, ఫిషింగ్ హార్బర్ పక్క ఇసుకలో, ‘మూడో షిఫ్టు’. చెవిపూత కడుక్కుని, చెప్పులు విడిచి రండి. అందరికీ ఒకే పాట.”