కగెరో బోర్డు

సోమవారం. ఉదయం 7:20.

కజితని శోజో గడప దగ్గర కూర్చుని బూట్లు పాలిష్ చేసుకుంటున్నాడు. ఎడమ బూటు అయిపోయింది. కుడి బూటు ముక్కు మీద గుడ్డ గుండ్రంగా తిరుగుతోంది.

వాకిట్లో నిలబడ్డ సార్జెంట్ ఇనుయి తొమొకో ఆ చేతుల్నే చూస్తోంది. ఆమెకు ఒక సంగతి తెలుసు. ఇవాళ ఆఫీసుకు రావద్దని ఈయనకు నిన్ననే ఫోన్ వచ్చింది.

వెళ్లని ఆఫీసుకు బూట్లెందుకు?

లోపలి నుంచి భార్య ఫుసాయె లంచ్ బాక్సు పట్టుకొచ్చింది. నీలం గుడ్డలో కట్టి, పైన ముడి వేసి ఉంది.

"పోలీసమ్మా, లోపలికి రండి. టీ తాగుతూ మాట్లాడుకోవచ్చు."

"వద్దండీ. కంపెనీలో ఒక వస్తువు పోయింది. అందరినీ అడుగుతున్నాం."

"అయితే మా ఆయన్నే అడగండి. ఆ కొత్త ఫోన్ ఆట ఈయన చేతుల మీదుగానే తయారవుతోంది. పదకొండు నెలలుగా అదే లోకం. ఇంట్లో దీపం బల్బు మార్చమంటే మాత్రం తీరిక లేదు."

కజితని తల ఎత్తలేదు. బూట్లు తొడుక్కున్నాడు. బాక్సు అందుకున్నాడు.

"వెళ్లొస్తా," అన్నాడు.

"వెళ్లిరండి," అంది ఆమె.

ముప్పై ఒక్క ఏళ్లుగా రోజూ చెప్పుకునే మాటలు. ఎవరి మాట ఎప్పుడొస్తుందో తలుపుకు కూడా తెలిసినట్టుంది.

వీధి మలుపు తిరిగాక, కూల్‌డ్రింకుల మెషీన్ పక్కన ఇనుయి ఆగింది.

"ఎక్కడికి వెళ్తున్నారు?"

"పార్కుకి. సాయంత్రం దాకా ఎక్కడో ఒకచోట కూర్చోవాలి కదా. కూర్చోవడం నాకు అలవాటే."

"శుక్రవారం సాయంత్రం 6:04కి మీ గదిలోంచి బయటికి వెళ్లారు. 6:31కి తిరిగొచ్చారు. రిజిస్టర్‌లో మీరే రాశారు. ఎక్కడికి వెళ్లారు?"

"చెప్పలేను."

"ఎందుకని?"

"చెబితే నా మీదే పడుతుంది."

"బోర్డు పెట్టిన బీరువా తాళంచెవి మీ దగ్గరుందా?"

"ఉంది. తిరిగిమ్మని ఎవరూ అడగలేదు."

"పోయిన బోర్డు మీరు తీశారా?"

"లేదు."

ఆయన ఇంటివైపు ఒకసారి చూశాడు. గొంతు తగ్గించాడు.

"నాలుగింటికి మా విభాగం అధిపతి మికురియా గారు మా ఇంటికొస్తారు. రాజీనామా కాగితం మీద నేను నా పేరు ముద్ర వెయ్యాలట. వేస్తే కంపెనీ ఫిర్యాదు వెనక్కి తీసుకుంటుందట."

"వెయ్యకపోతే?"

"దొంగనవుతాను. మీరొచ్చి తీసుకెళ్తారు. మా ఆవిడ చూస్తుంది."

ఇనుయి వాచీ చూసుకుంది. 7:41. ఎనిమిది గంటల పందొమ్మిది నిమిషాలుంది.

*

హొనామి ఎలక్ట్రానిక్స్, ఒసాకా. మూడో డెవలప్‌మెంట్ విభాగం. ఉదయం 9:30.

ఒకప్పుడు ఈ విభాగం బియ్యం కొట్టు మీది మేడలో ఏడుగురితో మొదలైంది. ఆటశాలల్లో పెట్టే ఆర్కేడ్ మెషీన్లు చేసింది. వాటిలో పేరు తెచ్చుకున్న ఆట 'కగెరో'. తర్వాత ఆర్కేడ్లు మూతపడ్డాయి. విభాగం ఫోన్ ఆటల్లోకి మారింది. సొంత బిల్డింగ్‌లోకి మారేటప్పుడు పాత ప్రోగ్రామ్ టేపులన్నీ చెత్తబండిలోకి వెళ్లిపోయాయి. మిగిలింది ఒకే ఒక్క కగెరో సర్క్యూట్ బోర్డు. ఫోన్‌లో మళ్లీ ఆ ఆట చెయ్యాలంటే దాన్ని చూసే చెయ్యాలి.

ఆ బోర్డే పోయింది.

విభాగం అధిపతి మికురియాకు ముప్పై ఏడేళ్లు. ఫోన్ ఆటల కంపెనీ నుంచి రెండేళ్ల క్రితం వచ్చాడు. మాట్లాడేటప్పుడు ఒక కన్ను ఫోన్ మీదే ఉంటుంది.

"పోయిందని ఎప్పుడు చూశారు?"

"శనివారం ఉదయం 9:10కి. బీరువా ఖాళీ. తాళం పగలలేదు. తాళంచెవులు రెండే. ఒకటి నాది. రెండోది ఎవరిదో మీకు తెలుసు."

"అంతకుముందు బోర్డును ఆఖరిసారి ఎప్పుడు చూశారు?"

"గురువారం, మూడింటికి. రేపు సియోల్ నుంచి భాగస్వాములు చూడ్డానికి వస్తున్నారు. అందుకని నేనే ఆడి చూశాను. మూడు ఆటలు. రెండో దశ దాకా వెళ్లాను. రంగులు, సంగీతం, అన్నీ దివ్యంగా ఉన్నాయి."

"ఎవరైనా మీతో ఉన్నారా?"

"ఒక్కణ్ణే."

"ఏ మెషీన్ మీద ఆడారు?"

"పాత వస్తువుల గదిలో ఉన్న మెషీన్ మీదే. బోర్డు తగిలించడానికి ఉన్నది అదొక్కటే."

ఇనుయి అంతా రాసుకుంది.

పాత వస్తువుల గది నాలుగో అంతస్తులో ఉంది. తాళం తీసింది అరిమురా చిజు. సౌండ్ డిపార్ట్‌మెంట్. కగెరోకు సంగీతం కట్టింది ఆమే.

"ఇప్పుడేం చేస్తున్నారు?"

"ఫోన్‌లో బటన్ నొక్కితే టింగ్ అంటుంది చూశారా? ఆ టింగ్ నాదే. ముప్పై ఏళ్ల సర్వీసు, చివరికి ఒక టింగ్."

బీరువా తలుపు లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంది. వరసగా తేదీలు. ప్రతి తేదీ పక్కన కజితని ఎర్ర ముద్ర.

"ఏమిటిది?"

"బ్యాటరీ మార్చిన తేదీలు. ఆ రోజుల్లో కాపీ కొట్టేవాళ్ల బాధ ఎక్కువ. అందుకని ఆట తెరిచే రహస్య సంకేతాన్ని బోర్డు మీద ఒక చిన్న బ్యాటరీతో బతికించి ఉంచేవాళ్లు. బ్యాటరీ అయిపోయిందా, సంకేతం చెరిగిపోతుంది. ఆట చచ్చిపోతుంది. మళ్లీ లేవదు. మిగతా బోర్డులన్నీ అలా పోయినవే."

"ఎవరు మారుస్తారు?"

"కజితని గారొక్కరే. ఇంకెవరైనా చెయ్యి పెడితే కొత్తది అతికేలోపే ప్రాణం పోతుంది."

ఆఖరి ముద్ర ఐదేళ్ల నాటిది. కింద పెన్సిల్‌తో, 'మళ్లీ ఐదేళ్లకు, నవంబరులోగా' అని ఉంది. గోడ మీది క్యాలెండర్‌లో ఇప్పుడు మార్చి నెల.

మూలన ఆర్కేడ్ మెషీన్ నిలబడి ఉంది. అరిమురా దాన్ని బిడ్డ వీపు నిమిరినట్టు నిమిరింది.

"ఇందులో డబ్బులు వెయ్యకుండా ఆడొచ్చా?" ఇనుయి అడిగింది.

"ఇక్కడా? ఈ విభాగాన్ని మొదలుపెట్టిన పెద్దాయన ఆ మాట విని ఉంటే మిమ్మల్ని మెట్ల మీంచి దింపేవారు. విభాగం పెట్టిన మొదటి రోజు నుంచీ ఒకటే కట్టుబాటు. మన ఆటకి మనమే వంద యెన్లు వెయ్యలేకపోతే, బడిపిల్లాడు ఎందుకు వేస్తాడు? ప్రెసిడెంటైనా సరే, నాణెం వెయ్యాల్సిందే. నాణెం లేకుండా ఆడించే టెస్టింగ్ స్విచ్ వైర్లు పెద్దాయనే కత్తిరించేశారు."

ఇనుయి పర్సులోంచి వంద యెన్ల నాణెం తీసి వేసింది.

లోపల ఎక్కడో 'టక్' మంది.

"అది నాణేలు లెక్కపెట్టే మీటర్. నాణెం పడే దారికే తగిలించి ఉంటుంది. బోర్డు లేకపోయినా తిరుగుతుంది."

"చూడొచ్చా?"

అరిమురా కింది చిన్న తలుపు తెరిచింది. మీటర్ మీద 48,218. పక్కన సెలోటేప్‌తో ఒక అట్టముక్క. కజితని చేతిరాత. ఆడిన ప్రతిసారీ తేదీ, అంకె. చివరి వరస పోయిన ఏప్రిల్ మూడోది.

ఇనుయి రెండింటికీ ఫోటో తీసింది. తలుపు మూసింది.

"శుక్రవారం సాయంత్రం కజితని గారిని చూశారా?"

అరిమురా చేతులు ఆగిపోయాయి.

"చెబితే ఆయనకే ముప్పు."

"చెప్పకపోతే ఇంకా ముప్పు."

"ఈ అంతస్తుకు రాకూడదని ఆయనకు రాతపూర్వకంగా ఆర్డరిచ్చారు. అయినా వచ్చారు. మెట్ల దగ్గర దాక్కుని అందరూ వెళ్లేదాకా ఆగారు. తర్వాత వంగి, మికురియా గారి తలుపు కిందనుంచి ఒక కాగితం తోశారు. అది నాలుగోది. బ్యాటరీ గడువు దాటింది, అరగంట లోపలికి రానివ్వండి అని. మొదటి మూడూ నా చేతే పంపారు. జవాబు లేదు."

బేస్‌మెంట్‌లో కజితని గది చూసినప్పుడు టైం 11:50. తలుపు మీద 'కెరీర్ గది' అని రాసి ఉంది. కిటికీ లేదు. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక గడియారం, ఒక రిజిస్టర్. బాత్‌రూమ్‌కు వెళ్లినా అందులో రాయాలి. 'ఈరోజు చేసిన పని' అనే గడిలో పదకొండు నెలలుగా ఒకటే మాట. ఏమీ లేదు.

తమంతట తాము ఉద్యోగం మానేసేదాకా, వద్దనుకున్న మనుషుల్ని ఇలా కూర్చోబెడతారు. ఇనుయి కుర్చీలో కూర్చుని చూసింది. గడియారం శబ్దం తప్ప ఇంకేమీ లేదు. నాలుగు నిమిషాలకే లేచి నిలబడింది.

బల్ల సొరుగులో ఒకే వస్తువు ఉంది. సీలు విప్పని కొత్త బ్యాటరీ. ప్యాకెట్ మీద కొన్న తేదీ. అక్టోబరు.

*

సాయంత్రం 4:00. కజితని ఇల్లు.

పొట్టి బల్ల మీద రాజీనామా కాగితం. పక్కన ముద్ర, ఎర్ర సిరా. ఒకవైపు మికురియా, మరోవైపు కజితని. ఫుసాయె తడి చేతులు తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడింది.

"త్వరగా వేసేయండి. అందరికీ మంచిది," అన్నాడు మికురియా.

కజితని ముద్ర చేతిలోకి తీసుకున్నాడు.

"ఒక్క నిమిషం," అంది ఇనుయి, లోపలికొస్తూ. "మికురియా గారూ, గురువారం ఎన్ని ఆటలు ఆడారు?"

"మూడు. చెప్పాను కదా."

"నాణేలు వేశారా?"

"నాణేలేమిటి? స్టార్ట్ నొక్కాను."

"మీ ఫోన్ ఆటలు అలా మొదలవుతాయి. ఇది అలా మొదలవదు. వంద యెన్లు పడాలి. పడితే మీటర్ తిరుగుతుంది." ఆమె రెండు ఫోటోలు బల్ల మీద పెట్టింది. "ఏప్రిల్ మూడున ఈయన రాసిన అంకె 48,217. ఇవాళ మీటర్ మీద 48,218. ఆ ఒక్కటీ నేను వేసిన నాణెం. పదకొండు నెలలుగా ఆ మెషీన్ మీద ఎవరూ ఆడలేదు."

మికురియా ఫోన్ బోర్లా పెట్టాడు.

"బాగా ఆడిందని ఎందుకు చెప్పారు? చచ్చిన బోర్డును ఎవరూ దొంగిలించరు కాబట్టి. అది బతికే ఉందని మేం నమ్మాలి. మూడు కాగితాలు వచ్చినా మీరు తలుపు తెరవలేదు. గురువారం స్విచ్ వేశారు. ఏం కనిపించింది?"

మికురియా ఫోన్ వైపు చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు.

"తెరంతా పిచ్చిగీతలు," అన్నాడు. "రేపు వాళ్లొస్తారు. వాళ్లకేం చెప్పను? నా పనీ పోయేది. ఆ గదిలోకి తర్వాత నన్ను పంపేవాళ్లు."

"ఈయనకైతే ఎలాగూ గది ఉంది కదా అనుకున్నారు. బోర్డు ఎక్కడ?"

"కారు డిక్కీలో."

ఇనుయి వెంట వెళ్లి తెప్పించింది. తువ్వాలులో చుట్టి ఉంది. కజితని విప్పాడు. బ్యాటరీ మీద తన చేతిరాతలో ఐదేళ్ల నాటి తేదీ. దాని మీద బొటనవేలు పెట్టి అలాగే ఉంచాడు. ఇనుయి సొరుగులో దొరికిన కొత్త బ్యాటరీని పక్కన పెట్టింది.

"ఏమండీ," అంది ఫుసాయె. "ఆ గది ఏమిటి?"

కజితని బ్యాటరీ మీంచి బొటనవేలు తీశాడు. ఆయనే చెప్పాడు.

"బేస్‌మెంట్‌లో ఒక గది. అక్కడ నాకు పని లేదు. ఏప్రిల్ నుంచి అక్కడే కూర్చుంటున్నా."

"నేను కట్టిన బాక్సులు?"

"అక్కడే తిన్నాను. ఒక్క మెతుకు కూడా వదల్లేదు."

"మానేసి రావచ్చుగా. నేను వద్దంటానా?"

"నవంబరులో బ్యాటరీ మార్చాలి. ఎప్పుడో ఒకప్పుడు పిలుస్తారనుకున్నా. నేను వెళ్లిపోతే ఇంకెవరికీ చేతకాదు."

ఆయన బోర్డును మళ్లీ తువ్వాలులో చుట్టాడు, మడతలు సరిచేశాడు. ముద్రను ఎర్ర సిరాలో అద్ది రాజీనామా కాగితం మీద నొక్కాడు.

"కజితని గారూ, ఇప్పుడది అక్కర్లేదు," అన్నాడు మికురియా.

"నాకు కావాలి."

కాగితాన్ని రెండు చేతులతో మర్యాదగా అతని ముందుకు జరిపాడు. లేచాడు. గడప దగ్గర పొద్దున పాలిష్ చేసిన బూట్లు మెరుస్తున్నాయి. వాటిని దాటి, మూలనున్న పాత చెప్పుల్లో కాళ్లు దూర్చాడు.

ఫుసాయె నోరు తెరిచింది. వెళ్లిరండి అనడానికి. ముందు ఆయన అనాలి. ముప్పై ఒక్క ఏళ్లుగా ముందు ఆయనే అంటాడు.

ఆయన ఏమీ అనలేదు. తలుపు జరిపి బయటికి నడిచాడు. స్టేషన్ వైపు కాదు, బజారులో బల్బులమ్మే కొట్టు వైపు.