నవ్వులగుండు దగ్గర రాత్రి నడక

నేరేడ్‌మెట్ దాటి మౌలాలి వైపు పోతుంటే ఎడమచేతి పక్క పొడుగాటి రాతిగోడ వస్తుంది. ఆ గోడ వెనక గుండ్లవనం. అందులో నవ్వులగుండు దగ్గరికి మాత్రం చీకటి పడ్డాక ఎవరూ పోరు.

తెలియనివాళ్ల కోసం ముందు వనం సంగతి చెప్పాలి. చుట్టూ అపార్టుమెంట్లు లేచిపోతుంటే, ఈ కాస్త జాగాలో మాత్రం పాత బండరాళ్లు, సీతాఫలం పొదలు, నెమళ్లు మిగిలాయి. ఎవరూ రాళ్లు కొట్టకుండా, చెట్లు నరక్కుండా గోడ కట్టి కాపాడుతున్నారు. పొద్దున పక్షుల నడక, ఆదివారాలు పిల్లలకు సీతాకోకచిలుకల క్లాసు... ఇలా ఏదో ఒకటి జరుగుతుంటుంది. పెద్ద బండను ఇక్కడ గుండు అంటారు. నవ్వులగుండు రెండంతస్తుల మేడంత ఉంటుంది. నున్నగా, పట్టుకోవడానికి చిన్న గాడి కూడా లేకుండా. నడుముకు తాళ్లు కట్టుకుని ఎక్కేవాళ్లు తప్ప దాని నెత్తిన కాలు పెట్టినవాళ్లు లేరు.

దాని పక్కనుంచి చీకట్లో నడిస్తే... ఎవరో నవ్వుతారు.

మామూలు నవ్వు కాదు. ముందు గొంతులో — హు... హు... హు... తర్వాత పొట్టలోంచి — హో... హో... చివరికి రాళ్లు అదిరేలా — హా హా హా!

గోడ బయట పానీపూరీ బండి పెట్టుకున్నాయన వారం తిరక్కుండా బండి తోసుకుని బోయిన్‌పల్లి వెళ్లిపోయాడు. జీలకర్ర నీళ్ల కుండ అక్కడే వదిలేశాడు. దాని కోసం కూడా మళ్లీ రాలేదు.

నేను దెయ్యాల్ని నమ్మను. ఉద్యోగం చేసినన్నాళ్లూ పిల్లలకు సైన్సు చెప్పినదాన్ని. అయినా అనుపమ నాతో ఏం చెప్పిందో అది చెప్పినట్టే మీకు చెబుతాను. అనుపమ నా దగ్గర చదువుకున్న పిల్ల. జనాన్ని వెంటబెట్టుకుని గుండ్లవనం తిప్పి చూపించడమే ఇప్పుడు ఆమె ఉద్యోగం.

రాత్రి నడక ఆమె పట్టుబట్టి తెచ్చుకున్నది. "వనంలో సగం బతుకు పొద్దు గుంకినంకనే షురూ అవుతది టీచర్. పగలు చూపించేది సగం పుస్తకమే" అనేది. పైఅధికారి వేణుమాధవ్ గారి చుట్టూ తిరిగి తిరిగి, నెలకొక్కసారి అని ఒప్పించింది.

పోయిన నెల నడకలో ఆ నవ్వు వినబడింది. అందరూ కేకలు పెట్టి, ఎటువాళ్లు అటు పరుగు. ఒకాయన సీతాఫలం పొదలో ఇరుక్కుని, "నేను లోను కడుతున్న, నన్ను వదిలెయ్" అని దెయ్యాన్ని బతిమాలాడట. కాలనీవాళ్లు పోలీసులకు ఫోను చేశారు.

మర్నాడు వేణుమాధవ్ గారు అనుపమను పిలిచారు.

"ఏందమ్మా, గిది వనమా, శ్మశానమా?"

"సార్, ఎవరో ఆకతాయిలు..."

"ఎవరైతే నాకేంది? ఈసారి నేనే వస్త. మోకాళ్లు సతాయిస్తున్నయి, లోపలికి రాను. గేటు కాడ కుర్చీ ఏసుకుని కూసుంట. ఒక్క కేక... ఒక్కటంటే ఒక్కటి నా చెవుల పడ్డదా — రాత్రి నడక బంద్. మళ్ల జిందగీల అడగొద్దు."

ఈ నడక పోతే ఇక అనుపమ చెప్పేది ఎవరూ వినరు. అది ఆమెకు తెలుసు.

* * *

అమావాస్య దగ్గర పడిన శనివారం. అప్పుడే చీకటి పడింది. వేణుమాధవ్ గారు మఫ్లరు చుట్టుకుని గేటు దగ్గర కుర్చీలో కూర్చున్నారు — మఫ్లరు చెవుల మీద పడకుండా జాగ్రత్తగా వెనక్కి తోసుకుని మరీ.

వచ్చినవాళ్లు గుప్పెడుమంది. వాళ్లలో కాకినాడ నుంచి వచ్చి సైనిక్‌పురిలో స్థిరపడిన సుబ్బులుగారు ఒకరు. ఆవిడ చేతిలో చేగోడీల డబ్బా.

"ఆంటీ, లోపల తినొద్దు. చప్పుడైతే జంతువులు దాక్కుంటయి."

"తినను అమ్మాయ్. చేతిలో ఏదో ఒకటి ఉంటే ధైర్యం."

అనుపమ అందరికీ టార్చిలైట్లు ఇచ్చింది. వాటి మూతులకు మిఠాయి పొట్లాలకు చుట్టే పల్చటి ఎర్ర కాగితం కట్టి ఉంది. ఎందుకో చెబుతాను. తెల్లని వెలుగు పడితే రాత్రి తిరిగే జీవాల కళ్లు చెదురుతాయి, ఎర్ర వెలుగును అవి అంతగా పట్టించుకోవు. అందుకని రాత్రి నడకల్లో ఇదొక పద్ధతి. ఇంకో పద్ధతి — మాట్లాడకూడదు. ఒకరి వెనక ఒకరు, అడుగు మీద అడుగు.

"ఏం వినబడినా అరవొద్దు. మీకు దండం పెడుత" అంది అనుపమ.

బయల్దేరారు.

మొదట అంతా బాగానే సాగింది. తేళ్లను మెరిపించే అతినీలలోహిత దీపం వేసి రాతి పగుల్లో తేలును చూపించింది. అది పచ్చగా మెరుస్తుంటే సుబ్బులుగారు "అయ్యబాబోయ్, రేడియం గడియారంలా ఉందే" అని గుసగుసలాడారు. కొమ్మ మీద గుడ్లగూబ తల మాత్రం తిప్పి వీళ్లను చూసింది. అనుపమకు కొంచెం ఊపిరి వచ్చింది.

దారి మలుపు తిరిగింది.

ఎదురుగా నల్లగా... నవ్వులగుండు.

గాలి లేదు. కీచురాళ్లు కూడా ఉన్నట్టుండి ఊరుకున్నాయి.

హు... హు... హు...

వరస ఆగిపోయింది. ఎర్ర దీపాలన్నీ ఒక్కసారిగా గుండు వైపు తిరిగాయి.

హో... హో... హో...

సుబ్బులుగారు చేగోడీ ఒకటి తీసి నోట్లో కుక్కుకున్నారు. అరవకుండా ఉండటానికి అదొక్కటే దారి అనిపించిందట.

హా హా హా హా!

అనుపమ ఒక అడుగు వెనక్కి వేసింది. కాని గేటు దగ్గర ఆ కుర్చీ, ఆ చెవులు గుర్తొచ్చాయి. పళ్లు బిగించి, దీపం ముందుకు పట్టి, గుండు వెనక్కి నడిచింది. మిగతావాళ్లు వెనకే — ధైర్యంతో కాదు, విడిగా నిలబడే ధైర్యం లేక.

గుండు వెనక ఒక ఆకారం. తల మీద తెల్లటి తువ్వాలు. రెండు చేతులూ ఆకాశంలోకి చాచి, కళ్లు గట్టిగా మూసుకుని నవ్వుతోంది.

"ఎవరు?" అంది అనుపమ.

ఆకారం కళ్లు తెరిచింది. ఎర్ర దీపాల్ని చూసింది. ఇంకా గట్టిగా నవ్వింది. నవ్వుతూనే కింద కూలబడింది.

"హా హా... నన్నేం చెయ్యకుండ్రి... హా హా... బీపీ మనిషిని!"

దెయ్యాలకు బీపీ ఉండదు. ఈ మాత్రం సైన్సు అందరికీ తెలుసు.

ఆయన పేరు బ్రహ్మచారి. మౌలాలి రైల్వే కాలనీలో ఉంటారు. వర్క్‌షాపులో చేసి రిటైరైన మనిషి. డాక్టరు నవ్వమన్నాడని నవ్వుల క్లబ్బులో చేరారు. పొద్దున అందరూ పార్కులో నిలబడి చేతులెత్తి నవ్వుతారే, అదే. ఈయనకు నవ్వు సరిగ్గా రావడం లేదని క్లబ్బు సారు హోంవర్కు ఇచ్చాడు. రోజూ సాయంత్రం ఒంటరిగా — ముందు గొంతుతో, తర్వాత పొట్టతో, ఆఖర్న ఒళ్లంతా — నవ్వి రావాలి.

"ఇంట్లో నవ్వుకోవచ్చు కదయ్యా!" అన్నారు సుబ్బులుగారు, చేగోడీ మింగి.

"ఎట్ల నవ్వుతనమ్మా? కోడలు మీటింగుల ఉంటది. మిద్దె మీదికి పోతే, పైన కిరాయికున్నాయన తన బట్టతలను చూసే నవ్వుతున్ననని కొట్లాటకొచ్చిండు. గోడ కూలిన కాడ సందు కనబడ్డది. ఈడైతే ఎవ్వరికీ తక్లీఫ్ ఉండదని..."

"మమ్మల్ని చూసి ఇంకా గట్టిగ ఎందుకు నవ్వినవు తాతా?" అంది అనుపమ.

"ఎందుకా? చీకట్ల ఎర్ర కండ్లు వరసగ, సప్పుడు లేకుంట వస్తుంటే... పోయిన నెల సుత వచ్చినయి బిడ్డా! భయమైతే ఇంకింత గట్టిగ నవ్వాలని మా సారు చెప్పిండు."

ఇదీ సంగతి. ఈయన్ను చూసి వాళ్లు, వాళ్లను చూసి ఈయన.

అందరూ ఊపిరి పీల్చుకున్నారు. సుబ్బులుగారు డబ్బా మూత తీసి పెద్దాయనకు చేగోడీలు పెట్టారు. అనుపమ కళ్లలో నీళ్లు తిరిగాయట. ఇక భయం లేదు, ఎవరూ అరవరు, నడక నిలబడింది.

"తాతా, రేపటి నుంచి ఇటు రావద్దు. రాత్రిపూట లోపలికి పర్మిషన్ ఉండదు. ఇంతకీ ఇంత చీకట్ల ఒక్కడివే... భయం కాలేదా?"

బ్రహ్మచారి చేగోడీ కొరుకుతూ అన్నారు.

"ఒక్కణ్ణైతే ఎప్పుడో బంద్ చేస్తుంటి బిడ్డా. మీ మేడం సుత నవ్వుతది గద. తోడున్నదని వస్తున్న."

"ఏ మేడం?"

"అగో, గుండు మీద కూసుంటది సూడు, ఆమె. మంచిగ నవ్వుతది. నేను ఆపినా ఆపదు."

పైకి చూసే ధైర్యం లేక ఎర్ర దీపాలన్నీ నేలకేసి దిగాయి.

గుండ్ల మధ్య ప్రతిధ్వని పుట్టడం మామూలే. శబ్దం వెళ్లి రాతికి తగిలి తిరిగి వస్తుంది. తరగతిలో ఎన్నిసార్లు చెప్పానో. కాని ప్రతిధ్వనికి ఒక నియమం ఉంది. ముందు ఎవరో ఒకరు చప్పుడు చేయాలి.

అప్పుడు అక్కడ ఎవరూ నవ్వడం లేదు.

పైనుంచి, సన్నగా, ఆడగొంతు...

కి... కి... కి...

సుబ్బులుగారి నోరు తెరుచుకుంది. కేక గొంతుదాకా వచ్చేసింది. అనుపమ ఆ నోటిని అరచేత్తో మూసి, అందరికీ వినబడేలా గుసగుసగా అంది.

"అరిస్తే అంతా అయిపోతది. నవ్వుండ్రి."

"ఏవిటీ?"

"నవ్వుండ్రి ఆంటీ! అరిచేదంతా నవ్వుల పెట్టి నవ్వుండ్రి! తాతా, నువ్వు మొదలుపెట్టు!"

బ్రహ్మచారికి విషయం అప్పుడు అర్థమైంది. చేగోడీ చేతిలోంచి జారిపోయింది. అయినా క్లబ్బులో నేర్చిన మనిషి. చేతులు పైకెత్తారు.

"గొంతుతోని... హు హు హు! పొట్టతోని... హో హో హో!"

అందరూ అందుకున్నారు. కళ్లమ్మట నీళ్లు కారుతుండగా, ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని, మలుపులో తడబడుతూ, ఆ వరస నవ్వుకుంటూ గేటు వైపు పరుగులాంటి నడక నడిచింది. సుబ్బులుగారైతే "హా హా ఆంజనేయా, హా హా ఆంజనేయా" అంటూనే ఉన్నారు.

గేటు దాటి రోడ్డు మీద పడ్డాక గాని ఎవరూ ఆపలేదు.

వేణుమాధవ్ గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. మొహం వెలిగిపోతోంది.

"శభాష్ అనుపమా! ఒక్క కేక లేదు. పబ్లిక్ ఇంత ఖుషీగ నవ్వుకుంట వచ్చుడు నా సర్వీసుల చూడలే. ఇగ నెలకొక్కసారి ఏంది? ప్రతి శనివారం పెట్టు. రేపే ఆర్డరు ఇస్త."

"ప్రతి... శనివారమా సార్?"

"ప్రతి శనివారం!"

అనుపమ గేటుకు ఆనుకుంది. ఇన్నాళ్లూ కోరుకున్నది ఇదే. పక్కన సుబ్బులుగారు, బ్రహ్మచారి, వచ్చినవాళ్లందరూ రోడ్డు మీద లైటు కింద ఒగరుస్తూ నిలబడి ఉన్నారు. లోపల ఎవరూ మిగల్లేదు.

వేణుమాధవ్ గారు మఫ్లరు ఇంకాస్త వెనక్కి తోసి, వనం వైపు చెవి పెట్టారు. చిన్నగా నవ్వారు.

"పాపం, ఆ వెనకపడ్డామె ఇంకా నవ్వుతనే ఉన్నది. జెర పోయి తోలుకరాపో."