దేవుని బియ్యం

మంగళవారం ఉదయం పది గంటలు. మందమర్రి స్టేషన్‌కు కంప్లైంట్ వచ్చింది. రిబ్కమ్మ రెండు తులాల గొలుసు పోయింది. అనుమానం గిన్నెలు తోమే సత్తమ్మ మీద. పేదవాళ్ల మీదికే అనుమానం ముందు పోవడం మన దగ్గర మామూలే.

ఎస్.ఐ. క్యాథరిన్ ఆ ఇంటికి వెళ్లింది. తలుపు గొళ్లెం చెక్కుచెదరలేదు. ఇంట్లో ఉండేది రిబ్కమ్మ, గనిలో పనిచేసి రిటైరైన భర్త పేతురు. సత్తమ్మ మూలన నిలబడి ఏడుస్తోంది. దొంగ అన్న పేరు పడితే కాలనీలో ఇంకెవరూ ఆమెను గడప తొక్కనివ్వరు.

"గొలుసు ఆఖరుసారి ఎప్పుడు చూసినవ్ అవ్వా?"

రిబ్కమ్మ భర్త వైపు చూసింది. జవాబు ఆయన చెప్పాడు. తర్వాతి ప్రశ్నకూ అంతే. క్యాథరిన్‌కు అది నచ్చలేదు.

బీరువా, పరుపు, సత్తమ్మ సంచీ అన్నీ వెతికారు. వంటింట్లో ఒక కుండను మాత్రం కానిస్టేబుల్ వదిలేశాడు. వంటకు ముందు పూటకో పిడికెడు బియ్యం దేవునికని తీసిపెట్టే కుండ అది. ఆదివారం చర్చిలో పోస్తారు. పరాయివాళ్లు ముట్టరు.

క్యాథరిన్ తల్లి దగ్గరా అలాంటి కుండే ఉంది. మూత తీసి చూసి ఆగిపోయింది. ముగ్గురినీ పిలిచింది.

"మొన్న ఆదివారమే ఖాళీ చేసిండ్రు. పూటకో పిడికెడు వేస్తే అడుగు సుత నిండదు. గిది అంచుదాంక ఉన్నది. వేసింది యాది లేక మళ్ల మళ్ల వేసినవ్ అవ్వా."

బియ్యంలో చెయ్యి పెట్టింది. గొలుసు బయటికి వచ్చింది.

"గిండ్ల ఎవ్వలు చెయ్యి పెట్టరని నువ్వే దాచినవ్."

"నేనా?" అంది రిబ్కమ్మ.

పేతురు గోడకు చేరగిలబడ్డాడు. ఏడాదిగా ఆయనకు తెలుసు. ఆమె ఎక్కడెక్కడో పెట్టి మరిచినవన్నీ వెతికి, చప్పుడు కాకుండా తిరిగి పెడుతూ వచ్చాడు. ఈసారి దొరకలేదు.

"నా రిబ్కకు మతి తప్పుతున్నదని నోటితోని ఎట్ల చెప్పాలె బిడ్డా? సత్తమ్మను దొంగ అంటుంటే ఊకున్న. పాపం చేసిన."

దొంగ దొరక్కపోతే పోలీసులకు బాధ. ఈ కేసు తేలినందుకు క్యాథరిన్‌కు ఏడుపొచ్చింది.

గురువారం రిబ్కమ్మను కరీంనగర్‌లో డాక్టర్‌కు చూపించింది. సత్తమ్మ కూడా తోడు వచ్చింది. డాక్టర్ ఐదు మాటలు చెప్పి, కాసేపాగి తిరిగి అడిగాడు. రిబ్కమ్మకు ఒక్కటే గుర్తుంది. వంట, స్నానం, బజారు సొంతంగా చేసుకుంటోంది కాబట్టి ఇది డిమెన్షియా కాదు, దానికి ముందు మెట్టు, మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్ అన్నాడు. కొందరికి ముదురుతుంది, కొందరికి ముదరదు, ఆరు నెలలకు మళ్లీ రమ్మన్నాడు.

బయట బెంచీ మీద రిబ్కమ్మ సత్తమ్మ చేతులు పట్టుకుంది.

"మాఫ్ చెయ్యి బిడ్డా. గిది సుత మర్చిపోయి, రేపు మళ్ల నిన్నే దొంగ అంటనేమో."

సత్తమ్మ కళ్లు తుడుచుకుంది.

"అను అవ్వా. పోయింది నేనే ఇల్లంత దేవులాడి ఇస్త."