దారితప్పినవాళ్ళ ముడి

కజిమీర్ పొయ్యి రాజేస్తే ఆ వేడికి పక్క ఊళ్ళో ఆవులకి చెమటలు పట్టేవి. ఎవరన్నారంటే కజిమీరే అన్నాడు. ఉత్తర కజకిస్తాన్‌లో, గాలి తప్ప మరెవ్వరూ కుదురుగా కాపురం చెయ్యలేని ఆ మైదానంలో, సిస్టర్లు నడిపే చిన్న బడికి పొయ్యి రాజేసేవాడూ, గంట కొట్టేవాడూ, కాపలావాడూ అన్నీ ఆయనే. ఆయన గొంతెత్తితే గుడిగంట సిగ్గుపడి ఊరుకునేదట. మూడూళ్ళ అవతల తప్పిపోయిన గుర్రాలు ఆ కేకకే వెనక్కి తిరిగి వచ్చేవట. అదీ ఆయన మాటే.

క్రిస్మస్ దగ్గరపడింది. మధ్యాహ్నం వేళ. తరగతి గదంతా తడి ఉన్ని వాసన, క్యాబేజీ సూపు వాసన. పొయ్యి ముందు పిల్లల ఉన్ని బూట్లు వరసగా ఆరుతున్నాయి. ఒక్కో బూటు కింద మంచు కరిగి ఒక్కో చిన్న మడుగు.

టీచరు సిస్టర్ అపొలోనియా పశువులపాక బొమ్మలు సర్దడానికి గుడికి బయల్దేరుతూ, తలుపు పక్కన మేకుకి వేలాడుతున్న తాడు కేసి చూసింది.

"కజిమీర్ గారూ, ఉలాకి ముడి వేశారా?"

"రేపు వేసేస్తా సిస్టర్. కళ్ళు మూసుకుని, ఎడంకాలి బొటనవేలితో వేస్తా."

"సెప్టెంబరు నుంచీ ఆ బొటనవేలి సంగతే వింటున్నాను," అని ఆవిడ తలుపు లాక్కుని వెళ్ళిపోయింది.

ఆ తాడు బడికంటే పాతది. సొంత ఊళ్ళు ఖాళీ చేయించి, సర్కారు రైళ్ళలో కుక్కి తెచ్చి జనాన్ని ఈ మైదానంలో దింపేసిన మొదటి చలికాలంలో కజిమీర్ తల్లీ, ఆవిడ తోటి ఆడవాళ్ళూ పేనిన తాడు. ఆ చలికాలమే ఎవరి పిల్లో ఒకతె ఒక గుడిసెలోంచి పక్క గుడిసెకి బయల్దేరి, చేరలేదు. అందుకని తాడు. పిల్లకో ముడి. మంచు తుఫాను లేచినప్పుడు పిల్లలు ఎవరి ముడి వాళ్ళు పట్టుకుని నడుస్తారు. జపమాలలో పూసల్లాగా, ముందునుంచి వెనక్కి, వంతు ప్రకారం మరియమ్మ జపం ఎత్తుకుంటారు. మొదటి సగం ఒక్కరు. మిగతా సగం అందరూ కలిసి. జవాబు దొరికినవాళ్ళు తాడు మీద ఉన్నట్టే అని ముసలమ్మల మాట.

చిట్టచివరి ముడి మాత్రం ఎప్పుడూ ఖాళీ. అది దారితప్పినవాళ్ళది. క్రిస్మస్ ముందురోజు రాత్రి భోజనాల బల్ల మీద దారితప్పి వచ్చేవాళ్ళకని ఒక పళ్ళెం ఖాళీగా ఉంచుతారు చూడండి, అలాగే. కొత్త పిల్ల బడిలో చేరితే తాడులో ఇంకో ముడి వేస్తారు గానీ, ఆ ముడి మాత్రం ఎవరికీ ఇవ్వరు.

ఉలా కొత్త పిల్ల. కజిమీర్ కూతురి కూతురు. తల్లి పోయిన దగ్గర్నుంచీ తాతా అమ్మమ్మల దగ్గరే ఉంటోంది. ముందు పళ్ళు రెండూ ఊడిపోయి, 'స' అన్నప్పుడల్లా ఈల వేసినట్టు గాలి వచ్చేది.

"ఆ వసంతంలో నేను ట్రాక్టర్ని భుజానెత్తుకుని ఏరు దాటించాను," అంటున్నాడు కజిమీర్ పిల్లలతో.

"పోయినసారి వీపు మీదన్నావు తాతా," అన్నాడు బ్రోనెక్. బళ్ళో అందరికంటే పెద్దవాడు, అందరికంటే నోరున్నవాడు.

"భుజం నొప్పెడితే వీపు మీదకి మార్చానురా! ట్రాక్టర్ మోసినవాడికి తెలుస్తుంది ఆ బాధ."

"డ్రైవరు దిగాడా, ఎక్కే ఉన్నాడా?"

గది గొల్లుమంది. ఉలా ఒక్కతే నవ్వలేదు. "మా తాత నిజమే చెప్తాడు. ఒట్టేసి చెప్తాడు," అంది. ఒట్టేసిన చోట ఈల వచ్చింది.

అప్పుడు లేచింది బురాన్.

మంచు తుఫాను అంటే చాలదు దానికి. కిటికీ అవతల కంచె, కంచె అవతల బండి... చూస్తుండగానే ఒక్కొక్కటీ తుడిచేసినట్టు పోయాయి. పైకప్పు మీద దబ్బుమని ఏదో పడింది. పొయ్యి గొట్టం. గాలి దాన్ని గుమ్మడి తొడిమలా తుంచేసింది. నల్లటి పొగ గదిలోకి తన్నుకొచ్చింది. పిల్లలు దగ్గుతున్నారు. బొగ్గులు ఆర్పితే గడ్డకట్టుకుపోతారు. ఆర్పకపోతే ఊపిరాడదు.

దూరంగా గుడిగంట మోగింది. సిస్టర్ అపొలోనియా కొడుతోంది, దారి తెలియడానికి.

"బూట్లు తొడుక్కోండర్రా! పదండి గుడికి. ఈ దారి నేను నిద్రలో నడుస్తా. ఒకసారి చచ్చి కూడా నడిచాను!"

తాడు పరిచాడు. ఒక్కొక్కరికీ ముడి చేతిలో పెట్టాడు. చివరికి ఎర్ర శాలువ చుట్టుకుని ఉలా మిగిలింది. తాడు మీద ఒక్క ముడే మిగిలింది.

ఆయన చెయ్యి ఒక్క క్షణం ఆగింది. పొగ కమ్ముకొస్తోంది. "ఖాళీ ముడి ఎవడబ్బ సొత్తు?" అని ఉలా చేతిలో పెట్టి, వేళ్ళు బిగించాడు. "వదలకే తల్లీ."

"వదల్ను తాతా."

తాను ముందుకెళ్ళి తాడు కొస నడుముకి చుట్టుకున్నాడు. తలుపు తెరిచాడు.

చీకటి నల్లగానే ఉంటుందని ఎవరన్నారో! ఆ చీకటి తెల్లగా ఉంది. కళ్ళు తెరిచినా మూసినా ఒకటే తెలుపు. చాచిన చెయ్యి మణికట్టు దగ్గరే మాయమైంది. ఇనుము నాకినట్టు నాలుక మీద ఒక రుచి. చెవుల్లో గాలి రోదన, దాని అడుగున ఎక్కడో గంట... ఒక దెబ్బ వినిపిస్తే, రెండు దెబ్బలు గాలి మింగేస్తోంది.

మొదటి ముడి పట్టుకుని కజిమీర్ వెనకే నడుస్తున్న కింగా సన్నగా ఎత్తుకుంది. "దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము..." అందరూ అందుకున్నారు. "పరిశుద్ధ మరియమ్మా..." జపం ఒక్కో గొంతూ దాటుకుంటూ వెనక్కి వెళ్ళింది. బ్రోనెక్ బొంగురు గొంతు. ఆ తర్వాత, అన్నిటికంటే చివర, ఈల వేసే గొంతు. కజిమీర్ గుండె కుదుటపడింది. అందరికంటే గట్టిగా జవాబిచ్చాడు. తన గొంతుకి మబ్బులే విడిపోతాయనిపించింది.

జపం మళ్ళీ కింగా దగ్గరికి రావాలి.

రాలేదు.

వెనక నుంచి, ఉలా తర్వాత, ఇంకో గొంతు ఎత్తుకుంది. ఆడపిల్ల గొంతు. శుభ్రంగా, ఈల లేకుండా, పాతకాలం పలుకుబడితో. ఆయన తల్లి పలికినట్టు.

అలవాటు ఆలోచించదు. పిల్లలంతా జవాబిచ్చేశారు. "పరిశుద్ధ మరియమ్మా... ఇప్పుడును, మా మరణ సమయమందును..."

ఆమెన్ అనే దాకా కజిమీర్‌కి అర్థం కాలేదు.

"ఎవరది?" అన్నాడు కింగాతో. "వెనక్కి అడగవే. ఎవరది?"

ప్రశ్న చెవి నుంచి చెవికి వెనక్కి వెళ్ళింది. నడక ఆగకూడదు. ఆగితే కాళ్ళు మొద్దుబారిపోతాయి. చాలాసేపటికి జవాబు అదే దారిన ముందుకొచ్చింది. కింగా ఆయన కోటు లాగింది.

"తాతా... ఉలా ఎవరితోనో మాట్లాడుతోందంట. బ్రోనెక్ చెప్తున్నాడు."

"ఎవరితో?"

మళ్ళీ వెనక్కి. మళ్ళీ ముందుకి. ఈసారి కింగా ఆయన కోటు పట్టుకుని వదల్లేదు.

"ఎవరో పిల్లంట. ఆ ముడి తనదంట. ఇచ్చెయ్యమని అడిగిందంట."

"ఇవ్వద్దని చెప్పు! చెప్పవే!"

"ఇచ్చేసిందంట తాతా."

తాడు విప్పుకుని వెనక్కి పరిగెత్తాలి. చేతులు నడుం దగ్గరికి వెళ్ళాయి కూడా. కానీ తాడు కొస ఆయన దగ్గరుంది. దారి ఆయన దగ్గరుంది. ఆయన వదిలేస్తే ఈ పిల్లలందరూ... ట్రాక్టర్లు మోసిన చేతులు ముడి మీదే ఉండిపోయాయి. విప్పలేవు. ఊరుకోలేవు.

"బ్రోనెక్‌ని ఉలా చెయ్యి పట్టుకోమను! చెయ్యి పట్టుకోమను!"

గాలి. గంట. గాలి.

"పట్టుకున్నాడంట తాతా. పట్టుకున్నాడంట."

ఆ తర్వాత జపం వెనక్కి వెళ్ళినప్పుడు, బ్రోనెక్ తర్వాత ఒక్క గొంతే ఎత్తుకుంది.

ఈల లేదు.

గుడి గోడ ముఖానికి తగిలింది. సిస్టర్ అపొలోనియా తలుపు తెరిచి, లోపలికి లాగిన ప్రతి తలనీ తడిమి చూసుకుంది. అందరూ ఉన్నారు. చిట్టచివర బ్రోనెక్, వాడి చెయ్యి పట్టుకుని ఉలా. ఆ ఎర్ర శాలువే. ఆ ముక్కే, ఆ కళ్ళే.

"దేవునికి స్తోత్రం," అంది సిస్టర్. "మీ గొప్పలన్నీ ఇవాళ ఒక్కరోజు ఒప్పుకుంటాను కజిమీర్ గారూ."

కజిమీర్ బ్రోనెక్‌ని పక్కకి లాగాడు. వాడు తన అరచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు.

"చెయ్యి పట్టుకున్నాను తాతా," అని గొణిగాడు చివరికి. "ఒక్క చెయ్యే దొరికింది."

గుడి పొయ్యి ముందు బూట్లన్నీ వరసగా పెట్టారు. కాసేపటికి ప్రతి బూటు కిందా మంచు కరిగి మడుగు కట్టింది. ఉలా బూట్ల కింద నేల పొడిగా ఉంది. వాటి మీద మంచు... కరగలేదు.

ఆయన తలుపుకేసి పరిగెత్తాడు. గంట విని గుడికి చేరిన ఊరివాళ్ళలో నలుగురు మగవాళ్ళు పట్టుకుని ఆపారు. "నా ఉలా బయటుంది! ఇది ఉలా కాదు!" అని గింజుకున్నాడు. వాళ్ళు పొయ్యి దగ్గర కూర్చున్న పిల్లని చూశారు. ఆయన్ని చూశారు.

"ట్రాక్టర్ ఎక్కి వస్తుందేమోలే మామా," అన్నాడొకడు. అందరూ నవ్వారు, ప్రాణాలు దక్కిన సంతోషంలో.

మర్నాడు గాలి పడిపోయాక ఆయన ఒక్కడే మైదానమంతా తిరిగాడు. అరిచాడు. ఎప్పుడూ గుర్రాలు తిరిగొచ్చే గొంతుకి ఒక్క కాకి కూడా పలకలేదు. సిస్టర్ అపొలోనియా మాత్రం నవ్వలేదు. "చలి మనిషి చేత ఏవేవో అనిపిస్తుంది. ప్రార్థన చేసుకోండి," అంది మెల్లగా. ప్రార్థన అన్న మాట వినగానే ఆయన వెనక్కి తిరిగి మళ్ళీ మైదానం కేసి నడిచాడు.

క్రిస్మస్ ముందురోజు సాయంత్రం తొలి చుక్క పొడవకముందే మళ్ళీ బురాన్ లేచింది. ఇంట్లో భార్య ఫ్రాంకా తెల్ల గుడ్డ పరిచి బల్ల సర్దింది. బీట్‌రూట్ చారు, చేప, పుట్టగొడుగుల కుడుములు, గసగసాల తీపి. తనకొక పళ్ళెం, ఆయనకొకటి, ఉలాకొకటి. తలుపు వైపు, దారితప్పినవాళ్ళకి ఒకటి.

"ఆ మొహమేంటయ్యా, పండగపూట," అంది ఫ్రాంకా. ఆవిడకి చెవులు అంతంతమాత్రం, అందుకే గట్టిగా అంటుంది. "పిల్ల క్షేమంగా ఇంటికొస్తే ఏడుపేంటి? మాట్లాడ్డం లేదంటావు. జడుసుకుంది పాపం. అదే మాట్లాడుతుంది. రావే ఉలా, కూర్చో."

పిల్ల వచ్చింది. తన కుర్చీ దాటింది. తలుపు వైపు, ఖాళీ పళ్ళెం ముందు కూర్చుంది.

"అయ్యో, అక్కడ కాదే... సరేలే, ఎక్కడైతే ఏం," అంది ఫ్రాంకా, చారు పోస్తూ.

కజిమీర్ చెంచా తీసుకోలేదు. పక్కన ఉలా కుర్చీ ఖాళీగా ఉంది.

అప్పుడు వినిపించింది. బయట. కంచె దగ్గరేమో. గాలికి చిరుగుతూ, సన్నగా...

"దేవవరప్రసాదముచేత..."

'స' దగ్గర ఈల.

ఆ గొంతు మొదటి సగం చెప్పింది. ఆగింది. జవాబు కోసం ఆగింది.

కజిమీర్ లేచాడు. నోరు తెరిచాడు. గంటలు సిగ్గుపడే గొంతు. ఒక్క మాట చాలు. పరిశుద్ధ మరియమ్మా అంటే చాలు, పిల్ల తాడు మీద ఉన్నట్టే. పెదాలు కదిలాయి. చప్పుడు రాలేదు. ఫ్రాంకా చేపలో ముళ్ళు తీస్తోంది. ఆవిడకి గాలి కూడా సరిగా వినపడదు.

బయట మళ్ళీ ఎత్తుకుంది. ఈసారి కాస్త దూరంగా.

ఎదురుగా పిల్ల చెంచా కింద పెట్టింది. ఇన్నాళ్ళకి మొదటిసారి ఆయన్ని చూసి నవ్వింది. ముందు పళ్ళు రెండూ ఉన్నాయి. చిన్నవి, తెల్లవి. చేతులు జోడించింది.

"దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము..."

శుభ్రంగా. పాతకాలం పలుకుబడితో.

"పరిశుద్ధ మరియమ్మా," అంది ఫ్రాంకా వెంటనే, ముళ్ళు తీస్తూనే. కళ్ళు చెమర్చాయి ఆవిడకి. "చూశావా, మాట్లాడింది! సర్వేశ్వరుని యొక్క మాతా..."

ఆవిడతో పాటు ఇంకో గొంతు కూడా జవాబిస్తోంది. పెద్ద గొంతు. కిటికీ అద్దాలు అదిరేంత గొంతు. మా మరణ సమయమందును అన్నాక గానీ అది తనదేనని కజిమీర్‌కి తెలియలేదు. నోరు మూసుకుందామనుకున్నాడు. అరవై ఏళ్ళ అలవాటు... దానంతటదే చివరిదాకా చెప్పింది.

"ఆమెన్."

బయట గాలి ఒక్కటే మిగిలింది.

పిల్ల చెంచా తీసుకుని చారు తాగడం మొదలుపెట్టింది. ఫ్రాంకా ఇంకో కుడుము వడ్డించింది.

కజిమీర్ తల దించుకున్నాడు. కన్ను ఉలా ఖాళీ కుర్చీ కిందికి పోయింది. పొడి చెక్క నేల మీద, పక్కపక్కనే, రెండు చిన్న మడుగులు. చిన్న పిల్ల బూట్ల కింద మంచు కరిగి కట్టినంత. ఆయన చూస్తుండగానే ఇంకో చుక్క రాలింది... ఇంకోటి...